లెక్క వచ్చింది, తూగు రావాలి

మన తెలుగు బడికి వచ్చే పిల్లల్ని "ఇంకా ఏమేం నేర్చుకుంటున్నావమ్మా?" అని అడిగి చూడండి. చాలామంది నోట వచ్చే మాట పియానో. శనివారం పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఈత, ఆదివారం పియానో. ఇంటికి వెళ్తే ముందుగదిలో గోడకి ఆనించి ఒక డిజిటల్ పియానో, దాని మీద ఇంకా మడతపెట్టని బట్టలు, పైన ఫ్రేము కట్టించిన గ్రేడు సర్టిఫికెట్లు. మా ఇల్లూ అంతే. అందువల్ల ఈ నాలుగు మాటలూ ఎవరినో తప్పు పట్టడానికి రాస్తున్నవి కావు. ముందుగా మేమిద్దరం మాకు చెప్పుకుంటున్నవి.

రెండేళ్ళ క్రితం ఉగాది కార్యక్రమంలో మన బడి చిన్నతరగతి పిల్లలు ఒక జానపద గీతం పాడారు. మా అమ్మాయి పియానో వాయించింది. అప్పటికి తనకి పన్నెండేళ్ళు. గ్రేడ్ 5 థియరీ డిస్టింక్షన్‌తో పాసయిన ఉత్సాహంలో ఉన్నాం. తను ఎంత ఉందో తెలియదు గానీ మేం మాత్రం చాలా ఉన్నాం. 6/8 అంటే ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెప్పేది: బార్‌కి ఆరు క్వేవర్లు, మూడేసి చొప్పున రెండు గుంపులు, కాంపౌండ్ డ్యూపుల్ టైమ్. ఆ రోజు పాట నడక కూడా అచ్చంగా అదే.

పాట మొదలైంది. పిల్లలు ఉయ్యాల ఊగినట్టు, ఇటొక ఊపు అటొక ఊపుగా పాడుతున్నారు. మా అమ్మాయి ఆరు దెబ్బలనీ సమానంగా, గోడకి మేకులు కొడుతున్నట్టు వాయిస్తోంది. పల్లవి చివర పిల్లలు ఊపిరి తీసుకున్నారు. పియానో తీసుకోలేదు. ఒక చరణం అయ్యేసరికి పాట ఒక దారి, పియానో ఒక దారి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. పక్కనే నిలబడ్డ ఒక పిల్లాడి తండ్రి గబగబా డోలక్ అందుకుని నాలుగు దెబ్బలు వేశాడు కాబట్టి పాట ఒడ్డుకి చేరింది. మా అమ్మాయి మాత్రం చేరలేదు. మధ్యలోనే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కారులో ఏడుస్తూ ఒకటే మాట: "నేను కరెక్టుగానే కౌంట్ చేశానమ్మా. ఒక్క నోట్ కూడా తప్పు లేదు."

నిజమే. తర్వాత వీడియో రెండుసార్లు చూశాం. ఒక్క స్వరం తప్పు లేదు. ఆ వేసవిలో మా దగ్గరికి వచ్చిన అమ్మమ్మ కూడా చూసి, మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని, "ఏమిటే బంగారూ, పాపం వాళ్ళు పాట పాడుకుంటుంటే నువ్వు పక్కన కూర్చుని ఎక్కాలు చదువుతున్నావూ?" అంది. అమ్మాయి ముందు ఉడుక్కుంది, తర్వాత నవ్వింది. మాకు మాత్రం ఆ మాట చాలా రోజులు వదల్లేదు.

మన బడిలో పాఠం చెప్పే ప్రతివారికీ ఈ జబ్బు ఇంకో రూపంలో బాగా తెలుసు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ తప్పు లేకుండా రాసే పిల్ల ఉంటుంది. పుస్తకం ఇస్తే చదువుతుంది. ఫోన్‌లో తాతయ్య "ఏం తిన్నావురా?" అంటే మాట పెగలదు. గుణింతం రాకపోవడం అక్కడ సమస్య కానే కాదు. ఇంట్లో తెలుగు చెవిన పడటం లేదు, నోట ఆడటం లేదు. పియానోలో థియరీ గుణింతం లాంటిది. అది అక్కర్లేదని మేం అనం. అది లేకపోతే అచ్చయిన కాగితం చూసి కొత్త పాట నేర్చుకోవడం కుదరదు. కానీ గుణింతంతో సంభాషణ రానట్టే థియరీతో తూగు రాదు. తెలుగు విషయంలో ఇది ఒప్పుకునే మనమే పియానో విషయానికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో!

తూగు అంటే ఏమిటి? ఇది ఎవరికో పుట్టుకతో వచ్చే మాయ అని చాలామంది అనుకుంటారు. మేమూ అనుకున్నాం. "మన వంశంలో ఎవరికీ సంగీతం లేదులెండి" అనేది మనకి చేతికి దగ్గరగా ఉండే సాకు. నిజానికి అది కొన్ని చిన్న చిన్న పనుల కలయిక. లోపల ఒక నాడి నిలకడగా కొట్టుకుంటూ ఉండటం. ఆ దెబ్బల్లో ఏది బరువు, ఏది తేలిక అని తెలియడం. పాట వాక్యం ఎక్కడ ముగుస్తుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియడం. ఖాళీని భయపడకుండా ఖాళీగా ఉంచడం.

పియానోకి ఇవి మరీ ముఖ్యం. వయొలిన్ మీద స్వరాన్ని పట్టి పెంచవచ్చు, గొంతుతో సాగదీసి తిప్పవచ్చు. పియానోలో మెట్టు నొక్కగానే సుత్తి తీగను కొట్టి వెనక్కి పడిపోతుంది. ఆ క్షణం నుంచే ధ్వని సన్నగిల్లడం మొదలు. కొట్టిన తర్వాత ఆ స్వరాన్ని పెంచడం వేళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఇక వాయించేవారి చేతిలో మిగిలేవి ఎప్పుడు కొట్టాలి, ఎంత బరువుతో కొట్టాలి, ఎప్పుడు వదలాలి, పెడల్ ఎప్పుడు మార్చాలి అనేవే. అంటే దాదాపు అంతా కాలమే. మన పాత సినిమాల్లో పుట్టినరోజు పార్టీకి హీరో పియానో ముందు కూర్చుని, వేళ్ళు ఒక వైపు, పాట ఇంకో వైపు పోతున్నా చిరునవ్వు చెదరకుండా పాడేస్తాడే, ఆ సౌకర్యం నిజమైన పియానో ఇవ్వదు!

కాగితం మీద రాసింది ఎంతవరకు చెప్పగలదో తెలిపే ఒక ముచ్చట ఉంది. మాంచెస్టర్‌లో ఉన్నవాళ్ళకి హాలే ఆర్కెస్ట్రా తెలిసే ఉంటుంది. 1858లో దాన్ని స్థాపించిన చార్లెస్ హాలే జర్మనీలో పుట్టినవాడు. ఇంగ్లండ్ రాకముందు పారిస్‌లో ఉండగా షోపాన్ వాయించడం దగ్గర కూర్చుని విన్నాడు. షోపాన్ రాసిన మజుర్కాలు మూడు దెబ్బల తాళంలో ఉంటాయి, అచ్చులోనూ 3/4 అనే ఉంటుంది. కానీ షోపాన్ స్వయంగా వాయిస్తే హాలేకి నాలుగు దెబ్బలు వినిపించాయట. ఆ మాట అంటే షోపాన్ ఒప్పుకోలేదు. మళ్ళీ వాయించమని, పక్కన నిలబడి పైకే నాలుగు లెక్కపెట్టి చూపిస్తే సరిగ్గా సరిపోయింది. అప్పుడు షోపాన్ నవ్వేసి, అది మా దేశపు నాట్యం స్వభావం అన్నాడని హాలే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మాకు ఈ ముచ్చట ఇష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. షోపాన్ 1830లో, ఇరవై ఏళ్ళ వయసులో పోలండ్ వదిలాడు. 1849లో పారిస్‌లో చనిపోయేదాకా మళ్ళీ సొంత ఊరు చూడలేదు. ఊరు వదిలినా ఊళ్ళో జనం అడుగులు వేసే తీరు వేళ్ళల్లో ఉండిపోయింది, తనకే తెలియనంతగా. మనలాంటి వలస కుటుంబాలకి ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఇది విని "అయితే తాళం ఎలాగైనా లాగవచ్చు" అనుకోవడం పొరపాటు. ఎడమచెయ్యి ఆర్కెస్ట్రాని నడిపేవాడిలా తాళం పట్టుకోవాలి, కుడిచెయ్యి దాని మీద స్వేచ్ఛగా పాడాలి అని అదే షోపాన్ శిష్యులకి చెప్పేవాడు. ఆయన పియానో మీద ఎప్పుడూ మెట్రోనోమ్ ఉండేదని శిష్యుడు మికులి రాశాడు. అంత స్వేచ్ఛగా వాయించినవాడికీ లోపలి నాడి నిలకడగా ఉండాల్సిందే.

మరి ఆ నాడి ఎక్కడ నుంచి వస్తుంది? ఒంట్లో నుంచి. దీన్ని పాఠంగా మలిచినవాడు స్విట్జర్లాండ్ సంగీతోపాధ్యాయుడు ఎమిల్ జాక్-దాల్‌క్రోజ్. 1892 నుంచి జెనీవా కన్సర్వేటరీలో హార్మనీ చెప్పేవాడు. తన విద్యార్థులు కాగితం మీద అన్నీ సరిగ్గా చేస్తూ, వాయించేటప్పుడు లయ నిలపలేకపోవడం చూశాడు. సరిగ్గా మా అమ్మాయి లాంటి వాళ్ళే అన్నమాట! వాళ్ళని కుర్చీల్లోంచి లేపి నడిపించాడు. సంగీతానికి అడుగులు వేయించాడు, చేతులు ఊపించాడు. ఆ పద్ధతి నేటికీ యూరిథ్మిక్స్ పేరుతో చాలా దేశాల్లో నడుస్తోంది.

2005లో కెనడాలో జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రెయినర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు నెలల పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఏ దెబ్బా గట్టిగా వినపడని ఒకే లయని వినిపిస్తూ, కొందరు పిల్లల్ని ప్రతి రెండో దెబ్బకీ, కొందరిని ప్రతి మూడో దెబ్బకీ ఎత్తి ఊపారు. తర్వాత రెండు రకాల లయలు వినిపిస్తే, ఏ పిల్లలు ఎలా ఊగారో ఆ లయనే ఎక్కువసేపు విన్నారు. పక్కవాళ్ళు ఊగుతుంటే చూసినంత మాత్రాన మాత్రం ఆ ఫలితం రాలేదట. తాము ఊగితేనే వచ్చింది. ఇది చదివినప్పుడు మాకు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపుతూ జోలపాడే అమ్మమ్మలు గుర్తొచ్చారు. ఉయ్యాల, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, కోలాటం, చప్పట్లు కొడుతూ తిరిగే బతుకమ్మ. మనం ఇవి ఆటలనుకున్నాం. కారు సీటులో బెల్టు పెట్టుకుని బడికీ, బెంచీ మీద కదలకుండా కూర్చుని పియానోకీ అలవాటుపడ్డ మన పిల్లలకి ఒళ్ళు ఊగే సందర్భం ఎన్నిసార్లు వస్తోంది?

మన బడి పిల్లలకి ఇంకో మంచి ఆస్తి కూడా ఉంది. తెలుగులో అక్షరాన్ని ఎంతసేపు పలకాలో తెలియకపోతే అర్థమే మారిపోతుంది. నెల వేరు, నేల వేరు. పలు వేరు, పాలు వేరు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. పియానో పాఠంలో క్రాచెట్‌కి ఒకటి, మినిమ్‌కి రెండు అంటారే, మన పిల్లలు తెలుగు మాట్లాడినంతసేపూ చేస్తున్నది ఆ పనే. ఇంకా తమాషా ఏమిటంటే, వేమన పద్యాలు ఉండే ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం పూర్తిగా ఐదేసి సూర్యగణాలు. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే. పిల్లల చేత మాత్ర మాత్రకీ వేలు కదుపుతూ చెప్పిస్తే వరసగా ఐదు తకిటలు. 6/8లో మూడేసి క్వేవర్ల గుంపుని కాగితం మీద గీతలు గీసి నేర్చుకున్న మా అమ్మాయికి, ప్రతి శనివారం తను పాడే పద్యంలో ఆ మూడేసి మాత్రల నడక ఉందని అంతవరకు ఎవరూ చెప్పలేదు. మాకూ తెలియదు లెండి.

కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంటున్న పిల్లల సంగతి మరీ విచిత్రం. ఆ క్లాసులో ఆది తాళం ఎనిమిది దెబ్బలూ తడబడకుండా చేత్తో వేస్తారు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మూడో కాలానికి వెళ్ళినా చెయ్యి ఆగదు. అదే పిల్లలు పియానో ముందు కూర్చుంటే వేగం పెరిగిపోతుంది. రెండు క్లాసులూ రెండు గదుల్లో జరిగి, మధ్య తలుపు మూసేసినట్టు. మృదంగం నేర్చుకునే పిల్లలకి మూడు మీద రెండు వేయడం ఆట. పియానోలో ఒక చెయ్యి మూడు, ఇంకో చెయ్యి రెండు వాయించాల్సిన చోట, ఉదాహరణకి దెబ్యుసీ మొదటి అరబెస్క్‌లో, పిల్లలు నెలలు కష్టపడతారు. ఆ తలుపు తెరవాల్సింది తల్లిదండ్రులే. పియానో టీచరుకి మన తాళాలు తెలియకపోవచ్చు, పాట టీచరుకి పియానో తెలియకపోవచ్చు. రెండు చోట్లకీ కారు నడిపేది మనమే కదా!

అలాగని అన్నీ మన దగ్గరే ఉన్నాయని చంకలు గుద్దుకోవడం కూడా సరికాదు. తకిట నేర్చుకున్నంత మాత్రాన మజుర్కా తూగు రాదు. వియన్నా వాల్ట్జ్‌లో రెండో దెబ్బ కాస్త ముందుగా పడటం, జాజ్‌లో సమానంగా రాసిన క్వేవర్లని పొడుగు, పొట్టిగా స్వింగ్ చేయడం తాళం లెక్కలో దొరకవు. అవి ఆ సంగీతాన్ని వినీ వినీ రావాల్సిందే. తాళం నిలకడ ఇస్తుంది, యాస మాత్రం ఆ ఊరి మనుషుల దగ్గర నేర్చుకోవాలి. మరి మన ఇళ్ళల్లో పియానో సంగీతం ఎంత వినిపిస్తోంది? మా ఇంట్లో అయితే సున్నా. అమ్మాయి రోజూ అరగంట సాధన చేసేది గానీ, తను నేర్చుకుంటున్న పాటని ఒక గొప్ప కళాకారుడు ఎలా వాయించాడో మేం ముగ్గురం కూర్చుని విన్న రోజు లేదు.

ఎందుకు లేదంటే, మా దృష్టంతా తర్వాతి గ్రేడు మీదే. ఇక్కడ కాస్త ఘాటుగా చెప్పక తప్పదు. మన విందుల్లో "మీవాడు ఏ గ్రేడ్?" అన్నది "మీ ఇల్లు ఎన్ని బెడ్‌రూములు?" అన్నంత మామూలు ప్రశ్న అయిపోయింది. తొమ్మిదేళ్ళకి ఐదు, పన్నెండుకి ఎనిమిది. ఏడాదంతా మూడే మూడు పాటలు, అవి కూడా పరీక్ష అయిన మర్నాడు మర్చిపోయేలా. ఇది పరీక్షలు పెట్టేవారి తప్పని మేం అనం. మా అమ్మాయి రాసిన పరీక్షల్లో తొలి గ్రేడుల్లోనే, ఎగ్జామినర్ వాయిస్తుంటే చప్పట్లతో తాళం పట్టి, ఇది రెండు దెబ్బలదా మూడు దెబ్బలదా అని చెప్పే చిన్న భాగం ఉంది. అంటే వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. దానికి మేం తయారీ మొదలుపెట్టింది ప్రతిసారీ పరీక్ష ముందు వారంలో. మార్కులు తక్కువ కదా అని.

ఉగాది తర్వాత పియానో టీచరు దగ్గరికి వెళ్ళాం. మాటల్లో ఆవిడ మీద కాస్త నిష్ఠూరం కూడా చూపించాం. ఆవిడ శాంతంగా విని, "ఒక సంవత్సరం పరీక్ష ఆపుదామా?" అంది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ రోజు ఒప్పుకోలేదు. మూడు వారాలు పట్టింది. ఏడాది వెనకబడుతుంది, తోటిపిల్లలు ముందుకెళ్ళిపోతారు, సెకండరీ స్కూలు మ్యూజిక్ స్కాలర్‌షిప్పు పోతుంది. ఇవన్నీ మా భయాలు, అమ్మాయివి కావు. చివరికి తనే "ఆపుదాం నాన్నా, నాకు పాటలు వాయించాలని ఉంది" అంటే ఆపాం.

ఆ ఏడాది పెద్ద విశేషాలేం చేయలేదు. కొత్త పాట ఏదైనా ముందు నోటితో పాడాలి, తర్వాత గదిలో పెద్ద దెబ్బలకే అడుగులేస్తూ నడవాలి, ఆ తర్వాతే మెట్ల మీద చెయ్యి. మెట్రోనోమ్‌ని ప్రతి దెబ్బకీ కాకుండా బార్‌కి ఒక్కసారే కొట్టేలా పెట్టింది టీచరు. మధ్యలో కాలాన్ని పిల్లే మోయాలి. మొదటి వారం చాలా కష్టం, ప్రతిసారీ తను ముందే వచ్చేసేది. తెలిసిన పాటని ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినడం ఇంకో పని. తన వేగం పెరగడం తన చెవికే వినిపించాక మేం చెప్పాల్సిన అవసరం తగ్గింది. అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకొకరితో కలిసి వాయించడం. ఒకే పియానో మీద ఇద్దరు కూర్చునే సులువైన డ్యూయెట్లు. పక్కవాళ్ళు ఆగకుండా వెళ్ళిపోతారు కాబట్టి, తప్పు చేసినా వెనక్కెళ్ళి దిద్దుకునే అలవాటు పోయింది. పాపం నాన్న చెయ్యి తాళంలో ఉండదని తెలిసి, కొన్నాళ్ళకి ఆ డ్యూయెట్లలోంచి నాన్నని తీసేశారు.

ఇప్పుడు తనకి పద్నాలుగేళ్ళు. మళ్ళీ పరీక్షలు రాస్తోంది, ఒక గ్రేడు వెనకే ఉంది. కంగారుపడితే ఇప్పటికీ పరిగెడుతుంది. మజుర్కా ఒకటి మొదలుపెట్టింది. రెండో దెబ్బ బరువు ఇంకా కుదరలేదని తనే చెప్తోంది.

ఈ ఉగాదికి మళ్ళీ చిన్నతరగతి పాటకి తనే వాయిస్తోంది. మొదటి రెండు రిహార్సళ్ళకి పియానో మూతే తియ్యలేదు. పిల్లల మధ్య నిలబడి వాళ్ళతో పాడింది, వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో పాట కాగితం మీద పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు పెట్టుకుంది. మూడో రిహార్సల్ వచ్చే శనివారం. తల్లిదండ్రులు పిల్లల్ని ఒక పదిహేను నిమిషాలు ముందే దింపితే, అందరం కలిసి ఒకసారి చప్పట్లతో పాట నడక చూసుకుంటాం. డోలక్ ఉన్నాయన కూడా వస్తానన్నారు.